ఊరి జెర్సీ, కౌంటీ జెర్సీ: పీటర్ కానవన్ ఆట

అందరికీ నమస్కారం.

ఇక్కడ ఐర్లండ్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు శనివారం పొద్దున్నే గేలిక్ ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి వెళ్తున్నారు. తల్లిదండ్రులు గ్రౌండు పక్కన నిలబడి చూస్తారు కానీ, ఆ ఆట వెనక ఉన్న లోకం చాలామందికి తెలియదు. అది తెలియాలంటే రూల్స్ పుస్తకం కన్నా ఒక ఆటగాడి జీవితం చూడటం మేలు. నేను ఎంచుకున్నది టైరోన్ కౌంటీ ఆటగాడు పీటర్ కానవన్‌ని. నా దృష్టిలో ఈ ఆట స్వభావం మొత్తం ఆయన ఒక్కడి కెరీర్‌లోనే కనిపిస్తుంది.

ముందు కొంచెం లెక్క చెప్పాలి, లేకపోతే స్కోర్లు అర్థం కావు. జట్టుకి 15 మంది. కానవన్ ఆడిన రోజుల్లో బంతిని గోల్‌ బారు పైనుంచి పంపితే ఒక పాయింటు, బారు కింద నుంచి వలలోకి కొడితే గోల్, అంటే మూడు పాయింట్లు. 1-10 అని రాస్తే ఒక గోల్, పది పాయింట్లు, మొత్తం 13. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో పాస్ ఇవ్వొచ్చు, కాలితో తన్నొచ్చు. కానీ నేల మీదున్న బంతిని నేరుగా చేత్తో తీసుకోకూడదు. బంతి కింద కాలి వేళ్లు పెట్టి పైకి లేపి అందుకోవాలి. ఈ రూల్ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఆటలో ఎవరికీ జీతం లేదు. 80 వేల మంది చూస్తుండగా డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో ఫైనల్ ఆడినవాడు కూడా తర్వాత తన ఉద్యోగానికి పోవాల్సిందే. ఆడే రోజుల్లో కానవన్ కుక్స్‌టౌన్‌లోని హోలీ ట్రినిటీ కాలేజీలో పీఈటీ మాస్టారుగా పనిచేశాడు. ఆటగాళ్ల వేలం లేదు, డబ్బిచ్చి కొనుక్కోవడం లేదు. నువ్వు పుట్టి పెరిగిన చోటి క్లబ్బే నీ క్లబ్బు. అక్కడ బాగా ఆడితే కౌంటీ పిలుస్తుంది. మామూలుగా కౌంటీ కెరీర్ అయిపోయాక ఆడేది కూడా ఆ క్లబ్బుకే.

అలాంటి ఆటలో కానవన్‌కి క్లబ్బే లేకుండా పోయింది.

ఆయన 1971లో పుట్టాడు. టైరోన్‌లో బాలీగాలీ అనే చిన్న ఊరు, దాని పక్కన గ్లెన్‌కల్ అనే పల్లె. ఆయనది గ్లెన్‌కల్. 1980ల తొలినాళ్లలో ఆ ప్రాంతపు క్లబ్బులో గొడవ వచ్చి గ్లెన్‌కల్ వాళ్లు విడిపోయారు. మా క్లబ్బు మాకు కావాలన్నారు. దానికి అధికారిక గుర్తింపు రాలేదు. గుర్తింపు లేని జట్టుకి లీగ్ లేదు, చాంపియన్‌షిప్ లేదు. ఒకే చర్చికి వెళ్లేవాళ్లు, చుట్టాలు, ఇరుగుపొరుగులు ఏళ్ల తరబడి రెండు వర్గాలుగా ఉండిపోయారు. ఊళ్లో పెద్దల పంతాలకి పిల్లల ఆట బలైపోవడం మన పల్లెల్లో పెరిగినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ చిక్కేంటంటే, ఏదో ఒక క్లబ్బులో పేరు లేకపోతే కౌంటీకి ఆడే అర్హతే ఉండదు. ఆ కుర్రాడి ఆట చూసినవాళ్లకి వాడు మామూలోడు కాదని తెలుసు. చివరికి దారి దొరికింది. ఒమా పట్టణం దగ్గర కిల్లీక్లోహర్‌లో ఒక హర్లింగ్ క్లబ్బు ఉంది. హర్లింగ్ అంటే కర్రతో ఆడే వేరే ఆట. ఆ క్లబ్బులో పేరు నమోదు చేయించుకుని, ఆ అర్హత మీద టైరోన్ మైనర్ జట్టుకి, అంటే 18 ఏళ్ల లోపు కుర్రాళ్ల జట్టుకి, ఫుట్‌బాల్ ఆడాడు. 1991లో, 1992లో టైరోన్ అండర్-21 జట్టు వరసగా రెండుసార్లు ఆల్-ఐర్లండ్, అంటే ఐర్లండ్ మొత్తం మీద కౌంటీల చాంపియన్‌షిప్, గెలిచింది. కెప్టెన్ కానవన్.

ఊరి గొడవ 1990లో తీరింది. రెండు పక్షాలూ కలిసి ఎరిగల్ కీరాన్ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నాయి. 1993 వచ్చేసరికి ఆ క్లబ్బు టైరోన్ చాంపియన్ అయింది, అదే ఏడాది అల్స్టర్ ప్రాంతపు క్లబ్ చాంపియన్ కూడా అయింది. కానవన్‌తో పాటు ఆయన అన్న పాస్కల్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఏళ్ల తరబడి చీలిపోయిన చోటు మూడేళ్లలో అల్స్టర్‌ని గెలిచింది. ఆయన మెడల్స్ అన్నిట్లోకీ నాకు ఇదే పెద్దదిగా అనిపిస్తుంది.

ఇప్పుడు 1995 ఫైనల్‌కి వద్దాం. టైరోన్ అప్పటికి ఒక్కసారి కూడా ఆల్-ఐర్లండ్ గెలవలేదు. ఎదురుగా డబ్లిన్. కానవన్ పొడగరి కాడు, భారీ మనిషి అసలే కాడు. చుట్టూ డిఫెండర్లు కాచుకుని ఉంటే, రెండు అడుగుల జాగా దొరికితే చాలు, కుడికాలితోనో ఎడమకాలితోనో కొట్టేసేవాడు. ఆ రోజు టైరోన్ చేసిన 12 పాయింట్లలో 11 ఆయనవే. ఒక్కసారి ఊహించుకోండి, పదిహేను మంది జట్టులో మిగతా అందరూ కలిసి చేసింది ఒక్కటి.

ఆట ఆఖరి క్షణాలు. డబ్లిన్ 1-10, టైరోన్ 0-12. ఒక్క పాయింటు తేడా. కానవన్ పడిపోతూ, నేల మీద నుంచే బంతిని చేత్తో షాన్ మెక్‌లాఫ్లిన్‌కి తోశాడు. మెక్‌లాఫ్లిన్ బారు మీదుగా కొట్టాడు. స్కోరు సమం అనుకుని టైరోన్ జనం గాల్లోకి లేచారు. అంతలో రిఫరీ పాడీ రసెల్ విజిల్ వేశాడు. బంతి నేల మీద ఉండగా కానవన్ చెయ్యి తగిలిందని తీర్పు. ఇందాక చెప్పిన రూల్ అదే. పాయింటు చెల్లలేదు, కప్పు డబ్లిన్‌కి పోయింది. 11 పాయింట్లు చేసినవాడినే తప్పుపట్టారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు మాత్రం ఆయనకే వచ్చింది.

తర్వాత ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ అసలు కష్టం అక్కడే ఉంది. గాయాలు, ఓటములు, చలికాలం రాత్రి ప్రాక్టీసులు, పొద్దున్నే బడి. 2002లో ఎరిగల్ కీరాన్ మళ్లీ అల్స్టర్ గెలిచింది.

2003లో టైరోన్ కోచ్‌గా మికీ హార్ట్ వచ్చాడు. కెప్టెన్ కానవన్, వయసు 32. సెమీఫైనల్లో కెర్రీ మీద గెలిచారు కానీ ఆ మ్యాచ్‌లోనే కానవన్ చీలమండకి దెబ్బ తగిలింది. ఫైనల్ ఆర్మాతో. ఒకే ప్రాంతం నుంచి రెండు కౌంటీలు ఆల్-ఐర్లండ్ ఫైనల్లో తలపడటం అదే మొదటిసారి. ఆయన ఆడతాడా లేదా అని అందరికీ టెన్షన్. ఆడాడు, ఫ్రీ కిక్స్ కొట్టాడు. హాఫ్ టైమ్‌లో హార్ట్ ఆయన్ని బయట కూర్చోబెట్టాడు. చివరి నిమిషాల్లో మళ్లీ దింపాడు. కాలు సరిగా సహకరించని మనిషి మళ్లీ లోపలికి వస్తుంటే జట్టుకి వచ్చిన ధైర్యం ఎలాంటిదో ఆ వీడియో చూస్తే తెలుస్తుంది. దయచేసి వెతికి చూడండి. 0-12, 0-9. టైరోన్‌కి మొట్టమొదటి శామ్ మగ్వైర్ కప్పు, అంటే ఆల్-ఐర్లండ్ గెలిచినవాళ్లకి ఇచ్చే కప్పు. ఎత్తింది కానవన్.

ఆ గెలిచిన జట్టులోని కోర్మాక్ మెకానలెన్ మరుసటి ఏడాది కెప్టెన్ అయ్యాడు. 2004 మార్చిలో నిద్రలోనే గుండె సమస్యతో చనిపోయాడు. 24 ఏళ్లు. ఆ జట్టు ఆ తర్వాత ఆడిన ప్రతి ఆటలోనూ అతని లోటు ఉంది.

2005 కానవన్‌కి ఆఖరి ఏడాది. అల్స్టర్ ఫైనల్ రీప్లేలో ఆర్మా మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి రెడ్ కార్డుతో బయటికి పోయాడు. ఆల్-ఐర్లండ్ సెమీఫైనల్లో మళ్లీ అదే ఆర్మా. ఇంజురీ టైమ్‌లో స్కోరు సమంగా ఉండగా ఫ్రీ కిక్ దొరికింది. బంతి కానవన్ తీసుకున్నాడు, కొట్టాడు, టైరోన్ 1-13, ఆర్మా 1-12. ఫైనల్లో కెర్రీ మీద హాఫ్ టైమ్‌కి ముందు, ఓవెన్ మల్లిగన్ ఇచ్చిన పాస్‌ని తడుముకోకుండా వలలోకి పంపాడు. టైరోన్ 1-16, కెర్రీ 2-10. జట్టు చేసిన ఆ ఒక్క గోల్ ఆయనదే. దాంతో కౌంటీ జెర్సీ విప్పేశాడు. చాంపియన్‌షిప్‌లో మొత్తం 9 గోల్స్, 191 పాయింట్లు. ఏటా మేటి 15 మంది ఆటగాళ్లకి ఇచ్చే ఆల్ స్టార్ అవార్డులు ఆరు.

కౌంటీ వదిలినా క్లబ్బు వదల్లేదు. ఇప్పుడు ఆయన కొడుకులు డారా, రూరీ ఎరిగల్ కీరాన్‌కే ఆడుతున్నారు. డారా 2021లో ఆల్-ఐర్లండ్ గెలిచిన టైరోన్ జట్టులో ఉన్నాడు. 2024 డిసెంబరులో ఎరిగల్ కీరాన్ మూడోసారి అల్స్టర్ క్లబ్ చాంపియన్ అయింది. 2025 జనవరిలో క్రోక్ పార్క్‌లో ఆల్-ఐర్లండ్ క్లబ్ ఫైనల్ ఆడి, మన డబ్లిన్‌లోని డాల్కీకి చెందిన కూలా క్లబ్బు చేతిలో ఓడింది. ఈ హాల్లో కూలా వాళ్లెవరైనా ఉంటే వాళ్లకి అభినందనలు, నేను మాత్రం ఆ రోజు టైరోన్ పక్షమే.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పిల్లలు ముందు.