కాలువా, డ్రెయినా: కలిమంతన్ పీట్ నేలల మీద ఒక సంభాషణ (పాడ్‌కాస్ట్ లిఖిత ప్రతి)

పద్మ: శ్రోతలందరికీ నమస్కారం. ఇండోనేషియాలో 2011లో మొదలై 2019లో శాశ్వతమైన అటవీ అనుమతుల నిషేధం ఈ వారం మన అంశం. ఆదిమ అడవుల్లోనూ పీట్ అనే తడి నేలల్లోనూ పామాయిల్ తోటలకు, కాగితపు గుజ్జు తోటలకు కొత్తగా అనుమతులు ఇవ్వకూడదన్నది దాని సారాంశం. బాబాయ్, ఈసారి నిషేధం సంగతి పూర్తయ్యాకే, మీరు ఎప్పుడూ చెప్పే నలభై సెంటీమీటర్ల నీటిమట్టం దగ్గరికి వెళ్దాం.

బాబాయి: అలాగేనమ్మా. నిషేధం మంచిదే. కాని అది అప్పటికే ఇచ్చిన అనుమతులను ముట్టుకోలేదు. ఒకసారి నరికాక మళ్లీ పెరిగిన అడవులు దాని పరిధిలోకి రాలేదు. అన్నిటికంటే ముఖ్యం, పటం మీద గీసిన హద్దు భూమిలోని నీటిని ఆపలేదు. హద్దుకు ఇవతల కాలువ తవ్వితే అవతలి అడవి కూడా ఎండిపోతుంది.

పద్మ: మళ్లీ నీటి దగ్గరికే వచ్చాం. సరే, బోర్నియో దీవిలోని ఇండోనేషియా భాగమైన కలిమంతన్‌లో 1996లో మొదలైన వరి పథకం నుంచే చెప్పండి.

బాబాయి: ఆకులూ కొమ్మలూ వేళ్లూ నీటిలో నానుతూ, కుళ్లకుండా, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున వేల ఏళ్లు పేరుకుంటే ఏర్పడేది పీట్ నేల, కొన్నిచోట్ల అది పది మీటర్ల లోతు కూడా ఉంటుంది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన దేశం మళ్లీ దిగుమతులకు దిగడంతో, సుహార్తో ప్రభుత్వం మధ్య కలిమంతన్‌లో పది లక్షల హెక్టార్లను వరి పొలాలుగా మార్చాలనుకుంది. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వి, జావా నుంచి వేలాది కుటుంబాలను తెచ్చి అక్కడ స్థిరపరిచింది. అయితే రెండు నదుల మధ్య పీట్ నేల గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. గుమ్మటాన్ని కోస్తూ తవ్విన కాలువ పొలానికి నీరు తేదు, ఉన్న నీటిని నదిలోకి దింపేస్తుంది. కాలువ వేరు, డ్రెయిను వేరు అని మన డెల్టాలో చిన్నపిల్లవాడికీ తెలుసు.

పద్మ: కైకలూరు గట్టు మీద కూడా మీరు ఈ మాటే అన్నారు, పాత శ్రోతలకు గుర్తుండే ఉంటుంది.

బాబాయి: ఆ మాట ఇప్పటికీ అంటాను. వరి పండలేదు, నేల ఆమ్లమైంది. 1997లో వానలు తగ్గించే ఎల్ నినో వచ్చేసరికి ఎండిన పీట్ అంటుకుంది. 1999లో పథకాన్ని ఆపారు, కాలువలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

పద్మ: ఇక్కడ మీతో ఏకీభవించలేను. కాలువ తనంతట తాను అంటుకోదు కదా! ఖర్చు తక్కువని తోటల కోసం నిప్పు పెట్టిన కంపెనీలున్నాయి, పోడు కోసం పెట్టిన రైతులూ ఉన్నారు. అగ్గిపుల్ల గీసినవాడి బాధ్యతను మీరు ప్రతిసారీ నీటి కింద దాచేస్తున్నారు.

బాబాయి: కంపెనీలను నేను వెనకేసుకు రావడం లేదు. అక్కడి దయాక్ ప్రజలు తరతరాలుగా పోడు చేస్తున్నారు. 2009 నాటి పర్యావరణ చట్టం కూడా స్థానిక సంప్రదాయం ప్రకారం రెండు హెక్టార్ల లోపు కాల్చుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. తడి నేలలో అదే నిప్పు ఆరిపోయేది. ఎండిన నేలలో అది భూమి లోపలికి దిగి, వానలు వచ్చేదాకా నెలల తరబడి రగులుతుంది. నేల స్వభావాన్ని మార్చినవారిని వదిలేసి, పోడు రైతును నేరస్థుడిని చేయడం నాకు సహించదు.

పద్మ: సహించకపోయినా, 2015 మంటల్లో మధ్య కలిమంతన్ రాజధాని పలంకరాయా పిల్లలకు ఆ తేడా ఏమిటి? 300 దాటితేనే ప్రమాదకరమనే వాయు కాలుష్య సూచీ అక్కడ వెయ్యి దాటింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద దాదాపు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. ప్రపంచ బ్యాంకు నష్టాన్ని 1,600 కోట్ల డాలర్లుగా లెక్క వేసింది.

బాబాయి: పసుపు పచ్చని పొగలో బడికి నడిచే పిల్లల ఫొటోలు నువ్వే చూపించావు. అవి తలుచుకుంటే మాట రాదు.

పద్మ: నేను గట్టిగా మాట్లాడాను బాబాయ్.

బాబాయి: మాట్లాడాలమ్మా. ఆ పొగ తరువాతే, 2016 జనవరిలో, పీట్ పునరుద్ధరణ సంస్థను పెట్టారు. కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను మళ్లీ తడపడం దాని ప్రధానమైన పనిగా ఉండేది. అదే ఏడాది తోటల్లో నీటిమట్టం నేల పైభాగం నుంచి నలభై సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదన్న నిబంధనను కట్టుదిట్టం చేశారు. ఆయిల్‌పామ్ కంపెనీలు అంతకంటే లోతుగా నీరు దించాలనే చూస్తాయి, ఎందుకంటే ఆయిల్‌పామ్ చెట్టు వేళ్లు నీళ్లలో నానకూడదు. అందుకే నలభై అన్న మాట నేను వదలను.

పద్మ: మన వంటింటి సంగతి కూడా అనుకుందాం. 2022లో ఆ దేశం ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు పామాయిల్ ఎగుమతులు ఆపితే, ఆ వార్త మన కిరాణా కొట్టుదాకా వచ్చింది. నూనె ధర అడిగాం గాని, అది ఏ నేలలో పండిందని ఎవరమూ అడగలేదు. ఇంతకూ 2020లో మొదలుపెట్టిన ఆహార ధాన్యాల పథకం ఎక్కడ బాబాయ్?

బాబాయి: మధ్య కలిమంతన్‌లోనే. 1996 నాటి పథకం ప్రాంతంలోనే.

పద్మ: ఆ కాలువల మధ్యనేనా?

బాబాయి: ఆ కాలువల మధ్యనే. అక్కడ కొలబద్ద పాతి నీరు ఎంత లోతున ఉందో ఏ పూటకాపూట చూసేవారు ఎవరన్నది నా ప్రశ్న.

పద్మ: నిషేధం మీద శ్రోతలు పంపిన ప్రశ్నలు మూడు అలాగే ఉండిపోయాయి.

బాబాయి: చదువు, వింటున్నాను. ఆ పటం మాత్రం ఒకసారి ఇటు ఇవ్వు.