పాఠం చెప్పేవారిని ఎవరు నియమించాలి? యూసీఎల్‌ఏలో చికానో విద్యార్థుల 14 రోజుల దీక్ష

(దృశ్యం: విశ్వవిద్యాలయ ఆవరణలో గుడారాలు, వెనుక పరిపాలనా భవనం)

వ్యాఖ్యానం: 1993 మే 25న లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో తొమ్మిది మంది నిరాహార దీక్షకు కూర్చున్నారు. వారిలో విద్యార్థులతో పాటు వైద్య కళాశాల అధ్యాపకుడు హోర్హే మన్సియాస్ కూడా ఉన్నారు. చికానోల, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ల, అధ్యయనాలకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయాలన్నది వారి ప్రధాన కోరిక. ఒక విభాగం కోసం ప్రాణాలు పణంగా పెట్టాలా అని మీకు అనిపించవచ్చు. ఆ సందేహం తీరాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

(దృశ్యం: అమెరికా నైరుతి రాష్ట్రాల పాత పటం)

మెక్సికన్ మూలాలున్న అమెరికన్లను చిన్నచూపు చూస్తూ వాడిన 'చికానో' అన్న మాటను 1960లలో యువతరం తన పేరుగా సగర్వంగా స్వీకరించింది. వీరిలో కొందరి పూర్వీకులు అసలు వలస వచ్చినవారే కారు. 1848లో గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం కింద మెక్సికో తన ఉత్తర భూభాగాన్ని వదులుకున్నప్పుడు, ఊరు మారకుండానే వారి దేశం మారిపోయింది. ఈ చరిత్ర అప్పటి బడి పుస్తకాలలో దాదాపుగా ఉండేది కాదు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలిస్‌లో, ఉపాధ్యాయుడు సాల్ కాస్ట్రో అండతో, వేలాది హైస్కూల్ విద్యార్థులు తరగతులు బహిష్కరించి వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో శాంటా బార్బరాలో సమావేశమైన విద్యార్థులు, అధ్యాపకులు ఒక ప్రణాళిక రాసుకుని, వేర్వేరు విద్యార్థి సంఘాలను 'మెచా' అనే ఒకే పేరు కిందికి తెచ్చారు. విశ్వవిద్యాలయం తమ వాడలకు జవాబుదారీగా ఉండాలన్నది ఆ ప్రణాళిక సారాంశం.

(దృశ్యం: ఖాళీ తరగతి గది)

యూసీఎల్‌ఏలో చికానో పరిశోధన కేంద్రం 1969లోనే వచ్చింది, ఆ తరువాత డిగ్రీ ప్రోగ్రామ్ కూడా మొదలైంది. అయినా అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రోగ్రామ్‌కు సొంత అధ్యాపకులు ఉండరు. చరిత్ర నుంచి ఒకరిని, సాహిత్యం నుంచి మరొకరిని అరువు తెచ్చుకోవాలి. వారి నియామకం, పదోన్నతి మాతృ విభాగం చేతిలో ఉంటాయి కనుక, చికానో చరిత్రకు ఎంత సమయం ఇస్తే తన ఉద్యోగ భవిష్యత్తుకు అంత నష్టమేమో అని అధ్యాపకుడు ఆలోచించక తప్పదు. నా దృష్టిలో ఈ పోరాటమంతటికీ మూలం ఇదే: పాఠం ఉండటం వేరు, ఆ పాఠం చెప్పేవారిని ఎంచుకునే అధికారం ఉండటం వేరు.

(దృశ్యం: వ్యవసాయ కార్మికుల నాయకుడు సీజర్ చావెజ్ చిత్రపటం)

1993 ఏప్రిల్ 23న, తానూ మెక్సికన్ మూలాలున్నవాడే అయిన చావెజ్ కన్నుమూశారు. అంత్యక్రియలకు ఒక రోజు ముందు, 28న, ప్రత్యేక విభాగం ఇవ్వబోమని చాన్సలర్ చార్లెస్ యంగ్ ప్రకటించారు. దుఃఖంలో ఉన్న సమాజానికి ఆ మాట ఎంత గాయమై ఉంటుందో ఊహించవచ్చు. మే 11న నిరసనలో 80 మందికి పైగా అరెస్టయ్యారు. రెండు వారాలకు దీక్ష మొదలైంది. గాంధీజీని ఆదర్శంగా భావించిన చావెజ్ 1968లో 25 రోజులు ఉపవాసం చేశారు, విద్యార్థులు ఆ దారినే ఎంచుకున్నారు. నిరాహార దీక్ష బరువేమిటో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

గుడారాల చుట్టూ విద్యార్థులతో పాటు కుటుంబాలు చేరాయి. నగరంలో మెక్సికన్ సంస్కృతికి ఆనవాలైన ఓల్వేరా వీధి నుంచి మద్దతుదారులు విశ్వవిద్యాలయం దాకా పాదయాత్ర చేశారు. దీక్షలో కూర్చున్న 19 ఏళ్ల సిండీ మోంటాన్యెస్ తరువాత కాలిఫోర్నియా శాసనసభకు ఎన్నికయ్యారు.

(దృశ్యం: జూన్ 7, గుడారాలు తీస్తున్న జనం)

14వ రోజున ఒప్పందం కుదిరింది. వచ్చినది విభాగం కాదు, చావెజ్ పేరిట ఒక బోధనా కేంద్రం. అయితే సొంత అధ్యాపకులను నియమించుకునే అధికారం దానికి దక్కింది. ఆ కేంద్రం 2005లో పూర్తి స్థాయి విభాగమైంది. 2012లో అక్కడ పీహెచ్‌డీ కోర్సు మొదలై, ఆ పాఠం చెప్పే కొత్త తరం అధ్యాపకులు అక్కడే తయారవడం ఆరంభమైంది.