రొయ్యల చెరువులో నీరే మేత

శ్రోతలకు నమస్కారం.

రొయ్యల చెరువులో నీరు తేటగా ఉంటే చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. సాగు చేసేవాళ్లకు మాత్రం టెన్షన్. తేట నీటిలో తిండి ఉండదు. నీరు లేత ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉందంటే అందులో సూక్ష్మమైన నాచు పెరుగుతోందన్నమాట. ఆ నాచును తిని కోపిపాడ్‌ల వంటి బుల్లి జీవులు బతుకుతాయి. చెరువులో కొత్తగా దిగిన రొయ్య పిల్లకు అంతకు మించిన మేత లేదు.

ఇక సంచుల్లో వచ్చే మేత సంగతి చూద్దాం. అందులోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది ఇంచుమించు నాలుగో వంతే. మిగిలినదంతా నీటిలో చేరి చివరికి అమ్మోనియా అవుతుంది. అది రొయ్యకు విషం. పాత పద్ధతిలో దీనికి విరుగుడు నీరు మార్చడం. అంటే డబ్బు పెట్టి కొన్న మేతను కాలువలోకి తోడిపోయడమే! ఆ మురికి పక్క రైతు చెరువుకు చేరుతుంది. కొత్త నీటితో పాటు ఆయన చెరువులోని జబ్బు మన చెరువుకూ వస్తుంది. 1990లలో తెల్లమచ్చ వైరస్ ఆసియాలో చెరువులకు చెరువులనే ఖాళీ చేసింది. నీటి మార్పిడి తగ్గించాలన్న ఆలోచన ఆ తర్వాతే బలపడింది.

నీరు మార్చకపోతే అమ్మోనియా ఏమవ్వాలి? దాన్ని బ్యాక్టీరియాకు తినిపించాలి. మొలాసిస్ (చెరకు మడ్డి), తవుడు లాంటివి వేస్తే బ్యాక్టీరియాకు కార్బన్ దొరుకుతుంది. దాంతో అవి అమ్మోనియాను లాక్కుని తమ ఒంట్లో మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. ఆ బ్యాక్టీరియా, నాచు, మేత తునకలు కలిసి చిన్న చిన్న ముద్దలుగా నీటిలో తేలుతాయి. రొయ్య వాటిని మళ్లీ తింటుంది. ఈ ముద్దలనే ఫ్లాక్ అంటారు, ఈ పద్ధతే బయోఫ్లాక్. 1970లలో తహితీలో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు ఈ దారిలో ప్రయోగాలు మొదలుపెట్టారు. 1990లలో ఇజ్రాయెల్, అమెరికాల్లో ఇది ఒక రూపానికి వచ్చింది.

అయితే నీరు ఆదా అయిన చోట కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని వాడుకోవడానికి ఈ బ్యాక్టీరియాకు 4 గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రింబగళ్లు తిరగాల్సిందే. ఫ్లాక్ బాగా చిక్కబడిన చెరువులో కరెంటు పోతే గంటలోపే రొయ్యలు పైకి తేలవచ్చు. జనరేటర్ లేకుండా దీని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మామూలు మట్టి చెరువుకు ఇంకో దారి ఉంది. రొయ్య పిల్లను పలుచగా వదిలి, తవుడును ప్రోబయోటిక్‌తో (మేలు చేసే సూక్ష్మజీవులతో) కలిపి, గాలి కొడుతూ ఒక రోజు పులియబెట్టి చెరువులో చల్లుతారు. దీంతో కోపిపాడ్‌లు బాగా పెరుగుతాయి. థాయ్‌లాండ్‌లో పుట్టిన ఈ పద్ధతిని ఆక్వామిమిక్రీ అంటారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తవుడు చల్లుతారు, సంచి మేత మాత్రం తగ్గించరు. రొయ్యలు ఎంత తింటున్నాయో చూడటానికి నీటిలో దించే చెక్ ట్రేలో మేత మిగులుతోందంటే రొయ్య కడుపు నీటిలోనే నిండుతోందేమో చూసుకోవాలి.

ఆక్సిజన్‌ను తెల్లవారుజామునే కొలవాలి, అప్పుడే అది అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గనివ్వకూడదు. చెరువు నడుమ పేరుకునే బురదను అప్పుడప్పుడు తీసేస్తూ, ఆవిరైన మేరకు నీరు పెట్టుకుంటే చాలు.

పట్టుబడి అయ్యాక కూడా ఆ నీటిని పారబోయక్కర్లేదు. జబ్బు రాని చెరువైతే తేర్చుకుని తర్వాతి పంటకు వాడుకోవచ్చు. తెల్లమచ్చ వచ్చిన చెరువైతే మాత్రం క్లోరిన్ వేసి శుద్ధి చేసేదాకా ఒక్క చుక్క కూడా కాలువలోకి వదలకూడదు.