ఇల్లు మారితే వర్సిటీ టీమ్‌లో చోటు పోతుందా? టెక్సస్ స్కూల్ టెన్నిస్ మీద కబుర్లు

హోస్ట్: నమస్తే అందరికీ. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్రాస్పర్, కాపెల్ వైపు మనవాళ్ళ ఇళ్ళల్లో లీజు అయిపోయే టైముకి ఒకటే మాట: "వేరే స్కూల్ జోన్‌కి మారితే పిల్ల టెన్నిస్ సంగతేంటి?" ఇవాళ దాని గురించే. మనతో ఉన్న అన్నయ్య ఇద్దరు పిల్లల్ని హైస్కూల్ టెన్నిస్ ఆడించారు, స్కూల్ టీమ్‌కి తోడ్పడే తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్‌లోనూ పనిచేశారు. అన్నా, స్కూల్ మారితే ఆట ఎందుకు ఆగిపోతుంది?

అతిథి: ఆట ఆగదమ్మా, వర్సిటీ, అంటే స్కూల్ మెయిన్ టీమ్‌లో ఆడటం ఆగుతుంది. టెక్సస్‌లో పబ్లిక్ స్కూల్ పోటీలన్నీ యూఐఎల్, అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ చేతిలో ఉంటాయి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ కింద 1910లో మొదలైన సంస్థ అది. ఆట కోసమే స్కూల్ మారారని తేలితే కనీసం ఒక ఏడాది వర్సిటీ ఆడనివ్వరు. జేవీలో, అంటే రెండో టీమ్‌లో ఆడొచ్చు. కానీ పదకొండో క్లాసు పిల్లకి ఆ ఏడాది పోయిందంటే కాలేజీ కోచ్‌లు చూసే సమయం పోయినట్టే.

హోస్ట్: తేల్చేదెవరు?

అతిథి: డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ. డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ స్కూళ్ళు నడిపే మన ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) కాదు, పోటీల కోసం యూఐఎల్ వేసిన గ్రూపు. అందులో ఉన్న స్కూళ్ళ సూపరింటెండెంట్లో, వాళ్ళు పంపిన మనుషులో కూర్చుంటారు. అంటే రేపు మీ అమ్మాయి ఎవరి మీద ఆడాలో వాళ్ళ తరఫువాళ్ళే ఇవాళ ఆమె అర్హత మీద ఓటేస్తారు. నాకు ఈ పద్ధతి నచ్చదు, ఎక్కడైనా ఇదే చెప్తాను. నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర స్థాయి కమిటీకి అప్పీల్ ఉంది. అక్కడిదాకా వెళ్ళేలోపు సీజన్ ఎంత మిగులుతుందో ఆలోచించండి.

హోస్ట్: ఫారం ఏదో ఉంటుంది కదా?

అతిథి: ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం. మన తల్లిదండ్రులు స్కూల్ అడ్మిషన్ కాగితాల్లో ఇదొకటి అనుకుని గబగబా నింపేస్తారు. దాంట్లో ఒక భాగం పాత స్కూల్ నింపుతుంది. పాత కోచ్‌తో పడలేదా, ఎవరైనా పిలిచారా, ఆట కోసం మారుతున్నారా అన్నవి అక్కడ తేలతాయి. అందుకే పార్కింగ్ లాట్‌లో నిలబడి "ఈ కోచ్ మా వాడికి ఛాన్స్ ఇవ్వట్లేదు, మార్చేస్తాం" అని నలుగురిలో అనకండి. కోచ్ మీద అసంతృప్తి కూడా కమిటీ చూసే వాటిలో ఒకటి.

హోస్ట్: అకాడమీల సంగతి? మన పిల్లలందరూ బయట కోచింగ్‌లోనే ఉన్నారు.

అతిథి: అసలు చిక్కు అక్కడే. బయట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ కోచే కొత్త స్కూల్లో ఉన్నాడా, క్లబ్ టీమ్‌లో కలిసి ఆడిన పిల్లలు ఆ స్కూల్లో ఉన్నారా అని చూస్తారు. తప్పు చేయకపోయినా అనుమానం వస్తుంది. అలాంటి సంబంధం ఉంటే ముందే చెప్పేయండి. తర్వాత బయటపడితే మీ మాట ఇంకెవరూ నమ్మరు. అర్హత లేని ఆటగాడిని ఆడించినందుకు డంకన్‌విల్ హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్ 2022 రాష్ట్ర టైటిల్‌నే వెనక్కి తీసుకున్నారు. ఒక్కరి కాగితం టీమ్ మొత్తానికి తగులుతుంది.

హోస్ట్: నిజంగా ఇల్లే మారితే?

అతిథి: పూర్తిగా మారాలి. పాత ఇంట్లో సోఫా, మంచం అలాగే ఉంచి, కొత్త జోన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుని అమ్మా, పిల్లా అక్కడ, నాన్న ఇక్కడ అంటే ఒప్పుకోరు. పాత ఇల్లు అమ్మారా, అద్దెకిచ్చారా, సామాను ఎక్కడుంది, చిన్నవాడు ఇంకా పాత స్కూల్లోనే ఉన్నాడా, ఇవన్నీ అడుగుతారు. ఓటరు నమోదు కూడా చూస్తారు. హెచ్1బీ వాళ్ళకి అది ఉండదు కాబట్టి లీజు, కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్స్ మీద కొత్త అడ్రసు మార్పించి పెట్టుకోండి. ఫ్రిస్కో ఐఎస్‌డీ ఒక్కదాంట్లోనే 12 హైస్కూళ్ళు. రోడ్డు దాటితే జోన్ మారిపోతుంది, కాబట్టి ఇల్లు చూసే రోజే స్కూల్ మ్యాప్ కూడా చూడండి.

హోస్ట్: హైదరాబాద్ నుంచి వచ్చి బాబాయి ఇంట్లో ఉండి చదివే పిల్లలు?

అతిథి: వాళ్ళ కథ వేరు. తల్లిదండ్రులు వెంట లేరు కాబట్టి గార్డియన్‌షిప్ పెట్టుకుంటారు. అది చట్టబద్ధంగా కనీసం ఏడాది పాతదై ఉండాలి. పోయిన నెల తెచ్చుకున్న కాగితం పనికిరాదు.

హోస్ట్: ఫ్లోరిడాలో ఇవేవీ లేవంటారు?

అతిథి: అక్కడ 2016లో చట్టం మార్చారు, స్కూల్ మారినా వెంటనే ఆడొచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ పెద్ద టీమ్‌లు చుట్టుపక్కల మంచి ఆటగాళ్ళందరినీ లాగేసుకుంటే, చిన్న స్కూల్లో నాలుగేళ్ళు కష్టపడ్డ పిల్ల బెంచీ మీద కూర్చుంటుంది. అందుకే రూలు ఉండాలనే అంటాను. కానీ దాన్ని తల్లిదండ్రులకి స్కూళ్ళు తెరిచే ఆగస్టులో కాదు, లీజు సీజన్ మొదలవకముందే అర్థమయ్యేలా చెప్పాలి.

హోస్ట్: మరి సంతకం పెట్టకముందు ఎవరిని అడగాలి?

అతిథి: కొత్త స్కూల్ అథ్లెటిక్ కోఆర్డినేటర్‌ని. కోచ్‌కి ఫోన్ చేయొద్దు, ఆట గురించి ముందే మాట్లాడుకున్నారన్న మాట వస్తుంది. ఈమెయిల్లో అడగండి, ఎందుకు మారుతున్నారో ఉన్నదున్నట్టు రాయండి. వచ్చిన జవాబు లీజు కాగితాలతో కలిపి దాచుకోండి.