ఆ పాము ఎక్కడుంది, వాళ్లు ఎక్కడ చూస్తున్నారు?

మేనకోడలు: అందరికీ నమస్కారం. ఇవాళ విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా మావయ్య ఫోటో స్టూడియోలో కూర్చున్నాం. మధ్యలో ఆటోల హారన్లు వినిపిస్తే సర్దుకోండి. పాత టీవీ కథల్లోని బొమ్మల్ని, వేషాల్ని తర్వాత కంప్యూటర్‌తో మార్చడం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. మావయ్యా, నిన్న నీకు చూపించిన పాముతో మొదలుపెడదామా?

మావయ్య: ఒక పాము కాదమ్మా, రెండు. నువ్వు వెళ్లాక ఇంకో నాలుగుసార్లు చూశాను.

మేనకోడలు: వినేవాళ్ల కోసం చెప్తాను. బీబీసీ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో 1982లో ‘కిండా’ అనే కథ వచ్చింది. చెడుకు రూపమైన పామును ఆఖర్లో చుట్టూ అద్దాలు పెట్టి బంధిస్తారు. చెడు తన ముఖం తాను చూసి తట్టుకోలేదని. అప్పుడు పెద్ద బొమ్మ పామును పెట్టి తీశారు. 2011 డీవీడీలో దాని బదులు కంప్యూటర్‌లో చేసిన పామును పెట్టారు. కావాలంటే పాతదే చూసుకోవచ్చు.

మావయ్య: అదే నాకు బాగా నచ్చింది. పాతదాన్ని దాచేయలేదు.

మేనకోడలు: మరి కొత్త పాము?

మావయ్య: పాతది బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది, నేను వెనకేసుకురాను. కానీ నేను పాము కంటే ముందు మనుషుల కళ్లు చూస్తాను. ఆ రోజు నటులు భయపడింది ఆ బొమ్మను చూసి. కొత్త పాము తల వాళ్ల చూపు ఆగినచోటే ఉండాలి. జానెడు పైకి పోయిందా, వాళ్లు గాలిని చూసి భయపడినట్టుంటుంది.

మేనకోడలు: ఆ పెళ్లి ఫోటో సంగతి చెప్పు మావయ్యా.

మావయ్య: (కాసేపు ఆగి) పెళ్లికూతురి నాన్న అంతకు ముందే పోయాడు. పెళ్లి ఫోటోలో ఆయన్ని కలపమన్నారు. పాత ఫోటోలోంచి కత్తిరించి అమ్మాయి పక్కన నిలబెట్టాను. రంగు సరిచేశాను, అంచులు కలిపాను. వాళ్ల నాయనమ్మ ఫోటోను ముఖానికి దగ్గరగా పట్టుకుని, “మా వాడు పిల్లని చూడకుండా ఎటు చూస్తున్నాడు బాబూ?” అంది. పాత ఫోటోలో ఆయన ఎవరో పిలిస్తే పక్కకి తిరిగాడు. పైగా అందరి నీడలూ కుడివైపు పడ్డాయి, ఆయనకి అసలు నీడే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో ఫోటో అడిగి తెచ్చుకుని, మూడు రోజులు కూర్చుని మళ్లీ చేసిచ్చాను.

మేనకోడలు: నీడ, చూపు. ఇంకా ఏం చూస్తావు?

మావయ్య: పక్కన ఉన్నవాటితో కలిసిందా అని. ‘కిండా’లో అడవి స్టూడియోలో వేసిన సెట్. ఆకులన్నీ కాస్త మసకగా ఉంటాయి. అందులో పాము పొలుసులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటే, అది ఆ అడవిలో పుట్టిన పాము కాదు.

మేనకోడలు: అంతరిక్ష ప్రయాణాల అమెరికన్ టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’లో ఇంకోలా చేశారు. 1967 నాటి ‘అరీనా’ అనే ఎపిసోడ్‌లో హీరో కెప్టెన్ కిర్క్‌తో కొట్లాడే బల్లి మనిషి, గోర్న్. లోపల మనిషి, పైన వేషం. 2006లో రీమాస్టర్ చేసినప్పుడు, అంటే పాత బొమ్మను శుభ్రం చేసి మెరుగుపరిచినప్పుడు, ఆ వేషాన్ని అలాగే ఉంచి, కళ్లకు రెప్పలు ఆడేలా చేశారు.

మావయ్య: అది మర్యాద! ఆ బరువు మోస్తూ కొట్లాడిన మనిషిని తీసేయలేదు. అంతరిక్ష ఓడలూ గ్రహాలూ కొత్తగా చేశారు, వాటితో నాకు పేచీ లేదు. ఓడ ఎవరి కళ్లలోకీ చూడదు కదా.

మేనకోడలు: నాకు మాత్రం ఆ రెప్ప పడగానే మిగతా ముఖం ఎంత కదలకుండా ఉందో కనిపించింది. అంతవరకూ పట్టించుకోలేదు.

మావయ్య: ఊఁ... అదీ నిజమేనమ్మా. నేను చేతులు, భుజాలు చూస్తూ ఉండిపోయాను. సరే, మన ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ముందు తెల్ల ఏనుగు వస్తుంది చూడు. అది బొమ్మని పసిపిల్లలకీ తెలుసు. అయినా చేతులు వాటంతట అవే లేస్తాయి. మన ఎండలో, మన దుమ్ములో, మన మధ్య నుంచి కదిలి వస్తుంది. రేపు ఎవరైనా ఆ వీడియోలో దాన్ని చెరిపేసి కంప్యూటర్ ఏనుగును పెడితే, ఆ జనం దేనికి దణ్ణం పెట్టినట్టు?

మేనకోడలు: ...పాత పాము ఇంకోసారి వేయనా?

మావయ్య: వెయ్యి. ఈసారి పాముని వదిలేసి, అద్దాల దగ్గరున్న వాళ్ల కళ్లు చూడు.