ఒక్క చుక్కతో చుక్కలు చూపించిన ఎర్లాంగ్

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. వెనక వినిపించే హారన్లు లీలామహల్ కూడలివి. కిటికీ మూసినా ఆగవు, సర్దుకోండి.

ముందే చెబుతున్నాను, ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే ఆన్‌లైన్ కోర్సును, దాన్ని నడిపేవాళ్లు మూడు నెలల పాటు నాకు ఉచితంగా ఇచ్చారు. వీడియోకు డబ్బేమీ ఇవ్వలేదు. ఎన్ని గంటల పాఠాలు, ధర ఎంత అన్నవి వాళ్ల పేజీలో చూసుకోండి. నేను రెండో అధ్యాయం గురించే మాట్లాడతాను. నా మూడు రాత్రుల నిద్ర అక్కడే పోయింది.

ఆ అధ్యాయం ఎర్లాంగ్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషది. ఎలిక్సిర్ నడిచేది ఎర్లాంగ్ వర్చువల్ మెషీన్ మీదే, అంటే ప్రోగ్రాములను నడిపించే దాని సాఫ్ట్‌వేర్ యంత్రం మీదే కాబట్టి ముందు పెద్దావిడను పరిచయం చేశారు. 1980లలో ఎరిక్సన్ ప్రయోగశాలలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టిన భాష. వాట్సాప్ సర్వర్లను దీనితోనే కట్టారు. ఇంత సత్తా ఉన్న భాష పేరు చిత్తూరులో నేను చదివిన కాలేజీలో ఒక్కరి నోటా వినలేదు. ఎందుకు? నన్నడిగితే, చుక్క వల్ల.

ఎర్లాంగ్‌లో ఒక పనికీ మరో పనికీ మధ్య కామా. ఒక షరతుకూ మరో షరతుకూ మధ్య సెమీకోలన్. ఫంక్షన్, అంటే ఒక పని చేసే కోడ్ ముక్క, ముగిశాక చుక్క. మొదట్లో దీన్ని ప్రోలాగ్ అనే ఇంకో భాషలో తయారు చేశారు, ఆ వాసన పోలేదు. చదవడానికి హాయిగానే ఉంటుంది. చిక్కంతా మార్చేటప్పుడే.

బస్సు టికెట్ లెక్కించే చిన్న ఫంక్షన్ రాశాను. పిల్లలకు ఒక వరుస, పెద్దలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, దాని చివర చుక్క. రాత్రి పదకొండింటికి వృద్ధుల వరుసను రెండో స్థానానికి జరిపాను. అంతే! చుక్క నడుమకు వచ్చింది, చివరికి చేరిన పెద్దల వరుసకు సెమీకోలన్ మిగిలింది. మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఆ సంగతి చెప్పకుండా, కింద ఉన్న వేరే ఫంక్షన్ పేరు సరిపోలడం లేదని గొణిగింది. ఏ పాపమూ ఎరుగని ఆ ఫంక్షన్‌ను అరగంట అనుమానించాను. సీ భాషలో సెమీకోలన్ మరచి ల్యాబులో తిట్లు తిన్నవాడినే నేను. కానీ అక్కడ వాక్యాన్ని ఎక్కడికి జరిపినా దాని గుర్తు దానితోనే వస్తుంది.

రూబీ అనే మరో భాష ప్రపంచం నుంచి వచ్చి ఎలిక్సిర్‌ను తయారు చేసిన జోసే వాలిమ్ అందులో ఈ గొడవ తీసేశారు. ప్రతి ముక్కా డెఫ్‌తో మొదలై ఎండ్‌తో ముగుస్తుంది. ఎటు జరిపినా కిక్కురుమనదు. లోపలి యంత్రం మాత్రం అదే. అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388, చేరేది ఒకే కొండకు. అయినా జనం ఎక్కువగా అలిపిరికే వెళతారు, అది ఊరికి ఆనుకుని ఉంది, బస్సు తేలికగా దొరుకుతుంది. భాషల సంగతీ అంతే. చదవగలిగే రాత ఉన్నా ఎలిక్సిర్ పైథాన్‌లా ఊరంతా పాకలేదు. కాలేజీకి వచ్చే కంపెనీలు ఏది అడిగితే పిల్లలు అదే నేర్చుకుంటారు.

ఇక పేరు. ఎర్లాంగ్ అనేది డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడి పేరు, ఎలిక్సిర్ అంటే అమృతం. ఏది ఊరిస్తుందో మీరే చెప్పండి. నేను జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నానంటే మా అవ్వ, "జావ కాచడానికి కంప్యూటర్ ఎందుకురా?" అంది. రాగులు పండే ఊరు మరి! ఆ భాషకు మొదట పెట్టిన పేరు ఓక్. ట్రేడ్‌మార్క్ అడ్డొచ్చి మార్చారు. 1995లో జావా పేరుకున్న ఊపు చూసి, లైవ్‌స్క్రిప్ట్ అనే వేరే భాష పేరును జావాస్క్రిప్ట్‌గా మార్చారు. దాని ఫలితం నేను ఆదివారాలు పాఠం చెప్పేటప్పుడు అనుభవిస్తుంటాను. "మా వాడికి జావా వచ్చు కదా సార్, జావాస్క్రిప్ట్ వారంలో వచ్చేస్తుందా?" అని ఎవరో ఒక తండ్రి అడుగుతూనే ఉంటారు.

ఎలిక్సిర్‌పైనా ఒక ఫిర్యాదు ఉంది. పేరులేని ఫంక్షన్‌ను వేరియబుల్‌లో, అంటే విలువను దాచుకునే పేరులో, దాచి పిలవాలంటే ఆ వేరియబుల్‌కూ బ్రాకెట్‌కూ మధ్య చుక్క పెట్టాలి. ఒక చుక్క వదిలించుకుంటే ఇంకొకటి ఎదురైంది! ఎందుకో కోర్సులో ఒక్క ముక్క చెప్పలేదు, అక్కడ మార్కులు తగ్గించాను.

ఉచిత గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. సొంత డబ్బు కట్టి పొడిగించుకుంటాను. రెండో అధ్యాయం మాత్రం మళ్లీ తెరవను.