చౌమహల్లాకు బ్యాచ్‌తో పోతున్నారా? ముందు ఏ వారమో చూసుకోండి

నమస్తే అందరికీ. ఇప్పుడు స్క్రీన్ మీద మీరు చూస్తున్న ఈ మూసిన గేటు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌ది. ఫోటో తీసింది నేనే. తీసేటప్పుడు నా వెనక 22 మంది నిలబడి ఉన్నారు. సగానికి పైగా అరవై దాటినవాళ్లే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలస్నానాలు చేసి, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, హన్మకొండ నుంచి అంత దూరం వస్తే గేటుకు తాళం. లోపలి నుంచి ఒకాయన వచ్చి "ఆజ్ జుమా హై" అని చెప్పి వెళ్లిపోయాడు.

శుక్రవారం చౌమహల్లాకు సెలవు. మ్యూజియం లాంటిది ఏదైనా సోమవారమే మూస్తారులే అన్న ధీమాతో నేను కనుక్కోలేదు. సరే, సాలార్‌జంగ్ మ్యూజియం అయినా చూపిద్దామంటే దానికీ శుక్రవారమే సెలవు. చివరికి గోల్కొండకు తీసుకెళ్లా. పైదాకా ఎక్కాలంటే మూడు వందలకు పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులవాళ్లంతా కిందే చెట్టు నీడన కూర్చుని, పులిహోర తింటూ, మధ్యమధ్యలో నన్ను తిట్టుకున్నారు. తప్పు నాదే కాబట్టి నేనూ వాళ్ల పక్కనే కూర్చుని తిన్నా.

ఆ తర్వాత రెండు నెలలకు మళ్లీ వెళ్లాం. ఈసారి బాగా చూశాం. ఈ వీడియో ఆ రెండో ట్రిప్పు గురించి. వరంగల్ వైపు నుంచి పదిమందినో ఇరవై మందినో వెంటేసుకుని వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

మా బ్యాచ్ ఏంటో చెప్పాలి కదా. పొద్దున భద్రకాళి బండ్ మీద వాకింగ్ చేసేవాళ్లం. రిటైరైన టీచర్లు, ఇద్దరు ముగ్గురు బ్యాంకువాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, మా మేనమామ. అసలు ప్యాలెస్ చూద్దామన్న మాట ఎత్తింది మా మామనే. ఆయన ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. ఆయన తండ్రి కూడా అక్కడే. నిజాం కాలంలో, 1934లో మొదలైన బట్టల మిల్లు అది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్దకొడుకు ఆజం జా. ఆయన పేరే మిల్లుకు పెట్టారు. "ఆ పేరుతోనే మా నాయనా బతికిండు, నేనూ బతికిన. ఆయనెవరో, ఆ ఇల్లెట్లుంటదో ఒక్కసారి చూడొద్దా" అని మామ అడిగాడు. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక రోజు ఎంచుకోవడం. అన్నిటికంటే పెద్ద పంచాయితీ ఇదే. శుక్రవారం ప్యాలెస్సే మూత. ఆదివారం జనం ఎక్కువ, పెద్దవాళ్లు ఆ రద్దీలో నిలబడలేరు. శనివారం అంటే సగం మందికి వెంకటేశ్వరస్వామి ఒక్కపొద్దు. హైదరాబాద్ పోయి బిర్యానీ తినకుండా ఎట్లా వస్తామని మిగతా సగం. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా. అందరి దేవుళ్లనూ తీసేస్తే బుధవారం మిగిలింది. నవ్వకండి, మీ బ్యాచ్‌లోనూ ఇదే జరుగుతుంది. ఇంకో మాట, పండగలప్పుడు వేళలు మారే వీలుంది కాబట్టి బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. మామూలుగా పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా తెరిచి ఉంటుంది.

రోజు కుదిరాక డబ్బులు. వస్తామని చెయ్యెత్తినవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు. ఫోన్‌పే కొట్టినవాళ్లే వస్తున్నట్టు. మొదటిసారి వచ్చినవాళ్లలో ఇద్దరు "మళ్లీ నీతోటి రాం" అని మొహమాటం లేకుండా చెప్పేశారు. అట్లా 21 మంది తేలాం. డబ్బులు వసూలు చేసేటప్పుడు టికెట్టు, బండి, టిఫిన్, భోజనం, ఆటో అన్నీ కలిపి ఒక్కసారే తీసుకుని, మనిషికి ఇంకో యాభయ్యో వందో పైన ఉంచుకోండి. దారిలో ఇరవయ్యి ముప్పై అడుగుతూ తిరిగితే ఎంత మంచి స్నేహమైనా పాడవుతుంది.

ఇప్పుడు టైమ్. చాలామంది మనం ఎన్నింటికి బయల్దేరదాం అని మొదలుపెడతారు. అది వదిలేసి ప్యాలెస్ గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. పదింటికి గేటు ముందు ఉండాలి. అంటే తొమ్మిదికల్లా ఉప్పల్ దాటాలి. ఉప్పల్ నుంచి పాతబస్తీ చేరడానికి గంట పట్టినా ఆశ్చర్యపోవద్దు. హన్మకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. జనగామలో టిఫిన్. ఇడ్లీ తిని చాయ్ తాగడానికి 21 మందికి పావుగంట అని మీరు రాసుకుంటారు, ముప్పావుగంట అవుతుంది. అందులో సగం బాత్రూమ్ దగ్గర లైనే. కాబట్టి బండి ఐదున్నరకు కదలాలి. ఐదున్నరకు కదలాలంటే అందరికీ ఐదు అని చెప్పాలి. మనవాళ్లకు ఐదంటే ఐదుంపావుకు ఇంట్లోంచి ఫోన్ చేసి "వచ్చేసిన, గల్లీ చివర ఉన్న" అనడం.

రైల్లో కూడా వెళ్లొచ్చు. వరంగల్, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైళ్లకు కొదవ లేదు. అక్కడి నుంచి మెట్రోలో ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్లి, ఆటోలు మాట్లాడుకుంటే సరిపోతుంది. కాలేజీ పిల్లల బ్యాచ్ అయితే నేను రైలే చెబుతా. మాకు మోకాళ్లు, బీపీ గోళీలు, ఫ్లాస్కులు ఉన్నాయి కాబట్టి మినీ బస్సు మాట్లాడుకున్నాం. ఒక్క జాగ్రత్త: ప్యాలెస్ చుట్టుపక్కల గల్లీలు ఇరుకు. పెద్ద బస్సును గేటు దాకా తీసుకెళ్లమని డ్రైవర్‌తో గొడవ పడకండి. విశాలమైన చోట ఆపించి, ముగ్గురేసి చొప్పున ఆటోలెక్కడమే నయం.

సరే, లోపలికి వెళ్దాం. టికెట్ కౌంటర్ దగ్గర ఒక్కరే నిలబడండి, మిగతావాళ్లను పక్కన నీడలో కూర్చోబెట్టండి. లోపలంతా దాదాపు చదునే, గోల్కొండ లాగా ఎక్కేది లేదు. చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు. అఫ్జల్ మహల్, అఫ్తాబ్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్. ఆ నాలుగూ దక్షిణం వైపు ఆవరణలో ఉంటాయి. 18వ శతాబ్దంలో మొదలుపెట్టిన ప్యాలెస్‌ను ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంలో, అంటే 1857, 1869 మధ్య పూర్తి చేశారు. ఒకప్పుడు ఇంకా చాలా పెద్దదట. ఇప్పుడు మిగిలిందే మనకు ఒక పూటకు సరిపోతుంది.

ఉత్తరం వైపు ఉంటుంది ఖిల్వత్ ముబారక్, దర్బారు హాలు. దీనికి మాత్రం గంట కేటాయించండి. పైన 19 షాండ్లియర్లు, బెల్జియం గాజువి. ఫోటోల్లో చూస్తే మెరుపు కనిపిస్తుంది కానీ బరువు కనిపించదు. కింద నిలబడి తలెత్తి చూస్తే, ఇంత గాజు ఆ కొక్కెం మీద ఎట్లా వేలాడుతుందా అని భయమేస్తుంది. మా బ్యాచ్‌లో ఒక పిన్ని సరిగ్గా షాండ్లియర్ కింద నిలబడనే లేదు, పక్కకు జరిగి చూసింది. మధ్యలో పాలరాతి వేదిక, దాని మీదే నిజాం ఆసీనుడయ్యే చోటు. ఒకప్పుడు పాడుబడ్డ ఈ ప్యాలెస్‌ను బాగు చేయించి 2005లో జనానికి తెరిచారు. ఆ పనికి పూనుకున్నది ఏడో నిజాం మనవడు ముకర్రం జా మొదటి భార్య ఎస్రా. ఆ మరమ్మతులకు 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

నిజాం కుటుంబం ఫోటోల దగ్గరికి వచ్చేసరికి మా మామ నడక ఆగింది. ఒక్కో ఫోటో కింద పేరు నాతో చదివిస్తున్నాడు. ఆజం జా అని చదవగానే కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఈయననా?" అన్నాడు. అప్పుడు నేను చదివి పెట్టుకున్నది చెప్పా. ఆజం జా ఎప్పుడూ నిజాం కాలేదు. తండ్రి ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకును పక్కన పెట్టి మనవడు ముకర్రం జాను వారసుడిగా ఎంచుకున్నాడు. 1967లో ఇదే ప్యాలెస్‌లో ముకర్రం జాకు పట్టం కట్టారు. మామ కాసేపు ఆ ఫోటోనే చూసి, "పోనీ, గద్దె రాకున్నా మిల్లన్నా మిగిలె" అన్నాడు. మళ్లీ తనే, "మిల్లు కూడా మిగల్లే" అని నవ్వాడు. ఇరవై నిమిషాలు అక్కడే. వెనక మా బ్యాచ్ "కార్లు చూడాలె, నడువుండ్రి" అని తొందరపెడుతోంది. నేను వాళ్లను ముందుకు పంపించి మామతో ఉండిపోయా.

అందుకే చెబుతున్నా, ఒక్క రోజులో ప్యాలెస్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ కుక్కకండి. ఏ ఫోటో దగ్గర ఎవరి కాలు ఆగుతుందో మీకు ముందు తెలియదు. ఆగినప్పుడు లాక్కుపోయే ప్లాన్ అయితే అంత దూరం పోయి లాభం లేదు.

కార్ల సంగతి ఎక్కువ చెప్పను. పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, పిల్లలూ మగవాళ్లూ అక్కడ అతుక్కుపోతారు. దానికంటే నాకు నచ్చింది గేటు మీది ఖిల్వత్ గడియారం. వారానికోసారి కీ ఇస్తారట. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ సారు తన వాచీతో సరిచూసి, తేడా వస్తే తన వాచీనే తిప్పుకున్నాడు.

ఒంటిగంటన్నరకు బయటికి వచ్చి భోజనం. బుధవారం కదా, ఎవరి ప్లేట్ మీదా గొడవ లేదు. ఆ తర్వాత నడిచి వెళ్లేంత దూరంలో చార్మినార్, లాడ్ బజార్. మేము నవ్వులపాలైంది ఇక్కడే. మేడారం జాతరలో అంతమంది జనంలో పిల్లల చేతులు పట్టుకుని, తప్పిపోకుండా తిరిగొచ్చే మనవాళ్లు చార్మినార్ దగ్గర తప్పిపోయారు. తప్పు మళ్లీ నాదే. "నాలుగింటికి అందరూ చార్మినార్ గడియారం కింద ఉండాలె" అన్నా. చార్మినార్‌కు నాలుగు వైపులా నాలుగు గడియారాలు ఉన్నాయి. నాలుగు గడియారాల కిందా మా వాళ్లు నిలబడ్డారు, ఒక్కో వైపు ఐదారుగురు, మిగతావాళ్లు రాలేదని ఒకరినొకరు తిట్టుకుంటూ. మన ఖిలా వరంగల్‌లో కూడా నాలుగు కాకతీయ తోరణాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కదా, అక్కడా "తోరణం దగ్గర కలుద్దాం" అంటే ఇదే గతి. కాబట్టి దుకాణం పేరు చెప్పండి, లేదా మక్కా మసీదు వైపు అని గట్టిగా చెప్పండి. ఇద్దరిద్దరికి జంటలు కట్టండి. బండి ఎక్కినప్పుడల్లా పేర్లు పిలిచే పని లేకుండా ఎవరి జంట వాళ్లు చూసుకుంటారు.

ఖిలా వరంగల్ అన్నా కాబట్టి ఒక మాట. తోరణాలకు దగ్గర్లోనే ఖుష్ మహల్ ఉంది. 16వ శతాబ్దంలో షితాబ్ ఖాన్ కట్టించాడని చెబుతారు. మా 21 మందిలో అది లోపలికి వెళ్లి చూసినవాళ్లు నలుగురే. పెద్ద ట్రిప్పుకు ముందు ఒక సాయంత్రం మీ బ్యాచ్‌ను అక్కడికి తీసుకెళ్లండి. ఎవరు ఎంత నడవగలరు, ఎవరు ఆలస్యంగా వస్తారు, ఎవరు చెప్పకుండా చాయ్‌కి మాయమవుతారు, అన్నీ ఆటో ఖర్చుతోనే తెలిసిపోతాయి. మేము రెండో ట్రిప్పుకు ముందు చేసింది అదే. ఆ మాయమయ్యే మనిషి ఎవరో అక్కడే దొరికాడు. చౌమహల్లాలో ఆయనకు టికెట్ల సంచీ అప్పజెప్పా, రోజంతా కదల్లేదు.

నాలుగున్నరకు చార్మినార్ వదిలాం. ఉప్పల్, నారపల్లి మధ్య ట్రాఫిక్‌లో గంటకు పైగా పోయింది. భువనగిరి దాటాక చాయ్. హన్మకొండ చేరేసరికి తొమ్మిదిన్నర. లెక్క చూస్తే వసూలు చేసినదాంట్లో 640 రూపాయలు మిగిలాయి. తెల్లారి బండ్ మీద అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. "మళ్లీ నీతోటి రాం" అని చెప్పిన ఆ ఇద్దరు కూడా వచ్చి తాగారు.